కనుబొమ్మ దీర్ఘం

జూన్ 4

ఇస్త్రీకి వెళ్లాను. అన్నీ చేయించుకున్నాను. నుదుటి సూది మాత్రం వద్దన్నాను.

బోర్డు మీద దాని పేరు ముఖ సంరక్షణ కేంద్రం. కొత్తరేవులో ఆ పేరు ఎవరి నోటా వినపడదు, అందరూ ఇస్త్రీ అనే అంటారు. మూడు నెలలకోసారి వంతు వస్తుంది. దవడ కింద శబ్ద తరంగాలతో వేడి పెడతారు, చర్మం బిగుస్తుంది. చెంపల్లోకి కరిగిపోయే దారాలు ఎక్కించి పైకి లాగుతారు. కళ్ల కింద గుంటలు జెల్లుతో నింపుతారు. ఆఖరున నుదుటికి, కనుబొమ్మల మధ్యకు సూది వేస్తారు. ఆ మందు కండరాన్ని కదలనివ్వదు. కదలని కండరం మీద ముడత పడదు. కత్తి ఎక్కడా తగలదు. కోత పడితే చెవి పక్క గీత జరిగి అచ్చు పోతుంది కాబట్టి ఆ రకం ఆపరేషన్లు ఈ ఊళ్లో ఎప్పుడో మానేశారు.

ముఖం అచ్చు నలభై అయిదో ఏట తీస్తారు. ట్రాము తలుపు, బియ్యం డిపో, ఆఫీసు, ఇల్లు అన్నీ ఆ అచ్చును బట్టే తెరుచుకుంటాయి. దొంగ ముఖాలు వస్తాయన్న భయంతో కొత్త అచ్చు తీయరు. ముఖమే పాత అచ్చుకు సరిపడుతూ ఉండాలి. నాకు ఇప్పుడు యాభై తొమ్మిది.

సూది పట్టుకున్న అమ్మాయి నా చెయ్యి మీద చెయ్యి వేసి నెమ్మదిగా చెప్పింది. నుదురు వదిలేస్తే మొత్తం వదిలేసినట్టేనట. తలుపు యంత్రం ముందుగా చూసేది దాన్నే. పాత మందు దిగేదాకా కొన్నాళ్లు గడుస్తాయి, ఆ తరవాత నా ముఖం చెల్లదు. మందు దిగడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగాను. మామూలుగా మూడు నాలుగు నెలలు, కానీ ఇన్నేళ్లు కదలని కండరం కదా, మళ్లీ కదులుతుందో లేదో చెప్పలేనంది.

నాకు అది సెప్టెంబరులోపు కదలాలి. దవడ సలుపుతోంది. కారణం రేపు రాస్తాను.

జూన్ 5

కారణం సింహాద్రి. రేవు పేట మనిషి. వినపడదు. సముద్రపు కట్ట మీద ఏడో తూముకు కావలి. మే నెల పోటులో ఆ తూము తలుపు తెరుచుకుని ఉప్పువాడ మునిగింది. తలుపు తనే తీశానని సింహాద్రి ఒప్పుకున్నట్టు విచారణ మండలి రాసుకుంది. తుది విచారణ సెప్టెంబరులో. నేరం ఖాయమైతే అతని ముఖం కొట్టేస్తారు. అంటే అచ్చు చెరిపేస్తారు. ఇక కొత్తరేవులో అతనికి ఏ తలుపూ తెరుచుకోదు, సొంత ఇంటిది కూడా.

నేను ఆ మండలిలోనే సైగల దుబాసీని. మా అమ్మకూ నాన్నకూ వినపడేది కాదు. రేవు పేట సైగలే నా మొదటి భాష. సింహాద్రి కేసు నాది కాదు, నా కింద పనిచేసే కిరణ్మయిది.

పోయిన వారం సింహాద్రి భార్య నూకరత్నం మా ఇంటికొచ్చింది. ఆమెకు వినపడుతుంది. రొయ్యలు అమ్ముతుంది. గంప గుమ్మం బయట దించి, నేల మీద కూర్చుని, ముందు నా మొహం కాసేపు చూసింది.

"నీ మొకమేటప్పా, పెళ్లికి కట్టే పంచలాగుంది," అంది. తరవాత అసలు సంగతికి వచ్చింది. "ఆడు సేసుంటే నానే ఈపు పగలగొట్టీదాన్ని. ఉప్పువాడలో మునిగింది మా ఆడపడుసు ఇల్లే. గానీ ఆడు ఒకటే అంటన్నాడు, నానడిగీను, ఆలు రాసీసుకున్నారు అని. ఏటడిగీవురా అంటే ఆడు సెప్పింది నాకు బోదపడ్లేదు. నా సైగలు బేరానికి మటుకే సాల్తాయి. నువ్వెల్లి కనుక్కో."

వెళ్లాను. నిర్బంధ గృహంలో బల్లకు అటువైపు కూర్చోబెట్టారు. విచారణలో ఏం జరిగిందో అలాగే చేసి చూపించమన్నాను. తెరిచి ఉన్న తూము ఫొటో చూపించారట. కిరణ్మయి సైగ చేసిందట. అప్పుడు అతను ఇచ్చిన జవాబు నాకు చేసి చూపించాడు. నేను, తలుపు, తీశాను. గాలం.

చెబుతున్నావా, అడుగుతున్నావా అన్నాను. బల్ల మీద గట్టిగా చరిచాడు. అడుగుతున్నానన్నాడు.

పేట సైగల్లో ప్రశ్నకు వేరే గుర్తు లేదు. చేతులు చేసే పని ఒకటే. కనుబొమ్మలు పైకి లేస్తే ప్రశ్న, లేవకపోతే మాట. తెలుగులో 'తీశాను' చివర ఒక్క దీర్ఘం పడితే 'తీశానా' అయినట్టు. ఆ దీర్ఘాన్ని మేం నుదుటితో పెడతాం.

సింహాద్రికి ఈ ఏడాదే నలభై అయిదు నిండాయి. ఏప్రిల్‌లో మొదటి ఇస్త్రీ అయింది. మేలో విచారణ. నుదురు ఎత్తాలన్న ప్రయత్నం లోపల తెలుస్తూనే ఉంటుంది కాబట్టి ఎత్తాననే అనుకున్నాడు. తన మొహం ఎవరికీ కనపడదు కదా. ఇంటి దగ్గరా అదే జరిగిందట. అన్నం ఉడికిందా అని ఇతను అడిగితే ఉడికిందని చెప్పాడనుకుని నూకరత్నం గిన్నె దించేసేదట. పలుకు అన్నం ఎందుకు పెడుతోందో ఇతనికి తెలియలేదు.

సంచిలోంచి చిన్న అద్దం తీసి ఇచ్చాను. కనుబొమ్మలు ఎత్తి చూసుకోమన్నాను. చాలాసేపు చూసుకున్నాడు. అద్దం బోర్లా పెట్టి నన్ను చూశాడు. నీదీ లేవడం లేదు, అన్నాడు. ఇందాకటినుంచి నువ్వు నన్ను అడిగావో, చెప్పావో నాకెలా తెలుస్తుంది అన్నాడు. పద్నాలుగేళ్లుగా ఇంకెంతమందిని అడిగాననుకుని ఊరికే చెప్పానో.

ఇస్త్రీ గదిలో నేను తల అడ్డంగా ఊపింది ఆ మాట విన్నాకే.

జూన్ 20

గాలం సంగతి తేలింది. కిరణ్మయి మా ఇంటికి వచ్చింది. ఆమెకు ముప్ఫై ఒకటి. ఇప్పుడు మండలిలో కొత్తగా చేరేవాళ్లకు వయసుతో పనిలేదు, చేరిన రోజే అచ్చు, ఆ రోజునుంచే ఇస్త్రీ.

నా చేతులు తప్పు చెప్పాయా మేడమ్ అని అడిగింది. లేదన్నాను. విచారణలో వేసిన ప్రశ్న నాకు వేసి చూపించమన్నాను. నువ్వు, తలుపు, తీశావు అని చేసి, చివర చూపుడు వేలితో గాల్లో ఒక కొక్కెం గీసింది.

"ఇదేమిటి?"

"ప్రశ్న గుర్తు మేడమ్. ఇప్పుడు బళ్లో ఇలాగే నేర్పుతున్నారు."

బళ్లో నేర్పే మాస్టార్లందరివీ బిగించిన నుదుళ్లే. అడగడానికి ఇంకో దారి లేక ఆ వేలు కనిపెట్టారు. పుస్తకం చదివిన పిల్లలకు అది ప్రశ్న గుర్తు. సింహాద్రి బడికి పోలేదు. రేవు పేటలో గాల్లో కొక్కెం గీస్తే అది గాలం. ఆమె అడిగింది 'తలుపు నువ్వు తీశావా' అని. అతనికి అందింది 'తలుపు నువ్వు తీశావు, గాలంతో' అని. 'నేను తీశానా? గాలంతోనా?' అని అతను తిరిగి అడిగాడు. నుదురు లేవలేదు, వేలు గీయలేదు. కిరణ్మయి దాన్ని మాటగానే తీసుకుంది. నేను తీశాను, గాలంతో.

నేను చెప్పడం అయ్యాక ఆమె మొహంలో ఏమీ కనపడలేదు, కనపడదు కూడా. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

"ఏడో తూము దగ్గర గాలం దొరికింది మేడమ్," అంది. "ఒప్పుకోలుకు సరిపోయిందని దాన్నే సాక్ష్యంగా పెట్టారు."

నాచు లాగడానికి ప్రతి తూము దగ్గరా ఒక గాలం ఉంటుంది. ఆరో తూము దగ్గరా ఉంది, ఎనిమిదో తూము దగ్గరా ఉంది. ఎవరూ వెళ్లి చూడలేదు.

కిరణ్మయి తన పొరపాటు మండలికి రాసి ఇచ్చింది. నేను ఇంకో అర్జీ పెట్టాను, తుది విచారణకు నేనే దుబాసీగా ఉంటానని, నిందితుడు నన్నే కోరుతున్నాడని.

జూలై 11

రెండింటికీ జవాబులు వచ్చాయి. కిరణ్మయి సైగలను సైగల బడి మాస్టార్లు వీడియోలో పరిశీలించారట, చేతులు నియమం ప్రకారమే ఉన్నాయట, ఒప్పుకోలు నిలుస్తుందట. నా అర్జీ మాత్రం ఒప్పుకున్నారు. కింద ఒక వాక్యం ఉంది. మండలి ద్వారం దగ్గర ముఖం చెల్లుబాటు కావాలి.

నుదురు బిగిస్తే లోపలికి వెళ్లొచ్చు, అడగలేను. బిగించకపోతే అడగొచ్చు, లోపలికి వెళ్లలేను. అద్దంలో చూసుకున్నాను. నుదుటి మీద రెండు గీతలు మొదలయ్యాయి. కనుబొమ్మలు మాత్రం ఇంకా లేవడం లేదు. ప్రస్తుతానికి నాకు రెండు వైపులా నష్టమే.

ట్రాము తలుపు ఈ రోజు మొదటిసారి ఆలోచించింది. వెనక నిలబడినవాళ్లు విసుక్కున్నారు. చివరికి తెరుచుకుంది. లోపల ఒక పెద్దాయన జరిగి చోటిస్తూ, వంతు మరిచిపోయారా అమ్మా అన్నాడు. మరిచిపోలేదన్నాను.

ఆగస్టు 2

ట్రాము ఇక ఎక్కనివ్వదు. బియ్యం డిపో వారం కిందటే ఆగిపోయింది. ఈ రోజు మా మేడ కింది గేటు కూడా.

గేటుకు ఒక ఆడగొంతు ఉంది. "క్షమించండి, ముఖం చెల్లలేదు" అంటుంది. మర్యాదగానే అంటుంది, కానీ వీధంతా వినపడేలా అంటుంది. మా ఆయన గవరయ్య మూడో అంతస్తునుంచి దిగొచ్చి లోపలి మీట నొక్కి తీశాడు. ఆయన వంతులు సరిగ్గా చేయించుకుంటాడు, ఆయన ముఖం ఎక్కడైనా చెల్లుతుంది.

"మొహం చెల్లని పని ఏం చేశావని ఊరికి చాటింపు?" అన్నాడు మెట్లెక్కుతూ.

"కూరగాయలు తెచ్చాను," అన్నాను.

ఆయన నవ్వాడు గానీ మనసులో బెంగ ఉంది. రాత్రి భోజనాల దగ్గర లెక్కగా మాట్లాడాడు. ఆఫీసు గేటు కూడా ఆపితే ఉద్యోగం పోతుంది. నువ్వు లేకపోయినా మండలి ఇంకొకర్ని పెడుతుంది. ఒక్క మనిషి కోసం నీ బతుకంతా వీధిన పెట్టుకుంటావా అన్నాడు. ఆ ఒక్క మనిషి బతుకు వీధిన పడబోతోంది కదా అన్నాను. ఆయన చారు వడ్డించుకున్నాడు. రేపటినుంచి నేను వచ్చేటప్పుడు కిందనుంచి కేకేయమన్నాడు.

సింహాద్రికి నిర్బంధ గృహంలో మళ్లీ ఇస్త్రీ చేశారు. వద్దన్నాడట. పట్టుకుని చేశారట. నూకరత్నం చెప్పింది. ఈ నెల ఆమె కూడా తన వంతుకు వెళ్లలేదు. నువ్వెందుకు మానేశావు, నీ సైగలు బేరానికే కదా అన్నాను.

"ఆడికి తలుపులు ఊడబీకితే నాకెందుకు తలుపులు," అంది. "రేవులో గేట్లు లేవప్పా. సేపకి అచ్చుందేటి?"

ఆగస్టు 19

ఎడమ కనుబొమ్మ కదిలింది.

నేను చూసుకోలేదు. గవరయ్య చూశాడు. మిగిలిన పాలు తోడు వేయకుండా వదిలేశాడు, విరిగిపోయాయి. నేనేమీ అనలేదు. గిన్నె కడుగుతున్నాను. ఆయన గుమ్మంలో ఆగిపోయాడు.

"కోపమొచ్చిందా?" అన్నాడు.

"ఎలా తెలిసింది?"

"కనపడింది."

దగ్గరకొచ్చి తడిచేతులతో ఉన్న నన్ను అద్దం ముందుకు తీసుకెళ్లాడు. మళ్లీ కోపం తెచ్చుకోమన్నాడు. పాల గురించి ఆలోచించాను. ఎడమది కొంచెం లేచింది, కుడిది కదలలేదు. నుదుటి మీద నాలుగు గీతలు వంకరగా పడ్డాయి. మా అమ్మ తిట్టేటప్పుడు పడే గీతలు. పద్నాలుగేళ్లుగా నీకెప్పుడు కోపమొస్తుందో నేను ఊహించుకుంటూ వస్తున్నాను, సగం సార్లు తప్పేవాణ్ని, అన్నాడు గవరయ్య.

రోజూ పొద్దున్న అద్దం ముందు కూర్చుని సాధన చేస్తున్నాను. నువ్వు తిన్నావా. నువ్వు వెళ్లావా. నువ్వు తీశావా.

సెప్టెంబరు 3

ఆఫీసు గేటు ఆపింది. ఉద్యోగం సస్పెన్షన్‌లో పెట్టారు. కారణం: ముఖ సంరక్షణ పట్ల నిర్లక్ష్యం.

మండలి అధ్యక్షురాలు సుభద్రాదేవి ఫోన్ చేయించారు. నియమం తప్పని మనిషని పేరు. ఆ పేరు నిజమే, ఆమె దగ్గర చాలా కాలం పనిచేశాను. ఒక్క వంతు చేయించుకుని లోపలికి రండి, ఉద్యోగం కూడా తిరిగి ఇస్తాం, లేకపోతే కిరణ్మయే దుబాసీ అన్నది ఆమె కబురు. రానని చెప్పాను. ఆ రోజు ద్వారం బయట ఉంటానని కూడా చెప్పాను.

కుడి కనుబొమ్మ కూడా లేచింది.

సెప్టెంబరు 17

విచారణ రోజు. గవరయ్యతో నడిచి వెళ్లాను. మేం చేరేసరికి మండలి మెట్ల ముందు రేవు పేట సగం ఉంది. వినపడనివాళ్లు, వాళ్ల వాళ్లు, నూకరత్నంతో పాటు రొయ్యల బజారు ఆడవాళ్లు. వాళ్లలో చాలామంది తమ వంతు ఎగ్గొట్టి వచ్చారు. ఒక్కొక్కరే వెళ్లి గేటు ముందు నిలబడుతున్నారు. క్షమించండి, ముఖం చెల్లలేదు. పక్కకు జరిగి ఇంకొకరు నిలబడుతున్నారు. క్షమించండి, ముఖం చెల్లలేదు. కొట్టుకోవడం లేదు, అరవడం లేదు. వరసలో నిలబడి గేటు చేత అదే మాట అనిపిస్తున్నారు. కాపలావాళ్లకు ఏ నియమం కింద ఆపాలో తెలియలేదు. నా వంతు వచ్చింది. నాకూ అదే మాట.

లోపల ఏం జరిగిందో కిరణ్మయి బయటికొచ్చి చెప్పింది. సింహాద్రిని నిలబెట్టారు. అభియోగం వినిపించమని ఆమెతో అన్నారు. ఆమె చేతులెత్తింది. అతను ఆమె నుదురు చూసి కళ్లు మూసుకున్నాడు.

"ఎవరు తట్టినా తెరవడం లేదు మేడమ్. భుజం కుదిపారు, బెదిరించారు. తెరవడం లేదు."

వినపడేవాడు చెవులు మూసుకున్నా గొంతు పెంచి వినిపించొచ్చు. ఇతను కళ్లు మూసుకుంటే ఇక దారి లేదు. అభియోగం నిందితుడికి అందకుండా తీర్పు చెప్పకూడదన్నది మండలి మొదటి నియమం. సుభద్రాదేవి దాన్ని దాటే మనిషి కాదు.

కాసేపటికి ఆమే బయటికి వచ్చింది. వెనక క్లర్కు, ఇద్దరు కాపలావాళ్ల మధ్య సింహాద్రి. ఇంకా కళ్లు మూసుకునే ఉన్నాడు, తడుముకుంటూ మెట్లు దిగుతున్నాడు. నూకరత్నం వెళ్లి అతని అరచేతిలో వేలితో ఒక గుర్తు గీసింది. కళ్లు తెరిచాడు. ఎదురుగా నన్ను చూశాడు.

సుభద్రాదేవి అభియోగం చదివింది. నేను చేతులతో చెప్పాను. ఆ తరవాత ఆమె ప్రశ్న వేసింది. నేను కనుబొమ్మలు ఎత్తాను. నువ్వు, తలుపు, తీశావు, నుదుటితో దీర్ఘం.

సింహాద్రి తీయలేదన్నాడు. తను వెళ్లేసరికే తెరిచి ఉందన్నాడు. ఆ తలుపు కట్ట మీది పైగదిలోంచి మీట నొక్కినా తెరుచుకుంటుంది, అక్కడ ఎవరున్నారని తను మొదటిరోజే అడిగానన్నాడు. ఎవరెవరిని అడిగాడో చెబుతూ కాపలావాళ్లను చూపించాడు, చివరికి ఆకాశాన్ని కూడా చూపించాడు, ఎవరూ జవాబు చెప్పలేదన్నాడు. అంతా గట్టిగా తెలుగులోకి చెప్పాను.

సుభద్రాదేవి నా నుదురు చూస్తోంది. "చేతులు అప్పుడూ ఇవే, ఇప్పుడూ ఇవే," అంది. "కనుబొమ్మ సంగతి మీరు కల్పించింది కాదని నాకేమిటి రుజువు?"

"నన్ను నమ్మొద్దు. పరీక్ష పెట్టండి."

పెట్టింది. రోడ్డుకు అవతల వల కుట్టే ఒకామెను ఎంచుకుంది. చెవుడు, బడికి పోలేదు, నాకు పరిచయం లేదు. నేను చేసింది అడిగినట్టుంటే ఆమె చెయ్యి చాచాలి, చెప్పినట్టుంటే పిడికిలి మూయాలి. సుభద్రాదేవి నా చెవిలో ఒక మాట చెబుతుంది, ఒకసారి 'వల కుట్టావు' అని, ఒకసారి 'వల కుట్టావా' అని, తనకు తోచిన వరసలో. నేను చేతులు ఒకేలా ఆడించాను. చెయ్యి, పిడికిలి, పిడికిలి, చెయ్యి. ఒక్కటీ తప్పలేదు. తరవాత అవే మాటలు కిరణ్మయి చెవిలో చెప్పింది, వేలు గీయకుండా చేయమంది. పిడికిలి. పిడికిలి. పిడికిలి. తరవాత వేలు గీయమంది. వల కుట్టే ఆమె అటూ ఇటూ చూసి, గాలం ఎక్కడుందన్నట్టు చేతులు తిప్పింది. పేటవాళ్లు నవ్వారు. కిరణ్మయి తలెత్తి సుభద్రాదేవితో, మేలో నేను అతన్ని అడిగింది ఇలాగే అమ్మా, అంది.

పరీక్ష అవసరమైనదానికన్నా చాలాసేపు సాగింది. తేలలేదని కాదు. ఆమెకు ఇంకా చూడాలనిపించింది.

"ఒప్పుకోలు కొట్టేయండి," అంది క్లర్కుతో. "గాలం కూడా. పైగదిలో ఆ పూట ఎవరున్నారో పిలిపించండి." నా వైపు తిరిగింది. "విచారణ మొదటినుంచి జరగాలి. దుబాసీ మీరే. లోపలికి రావాలి. కేంద్రం వీధి చివరే ఉంది, వెళ్లి సూది వేయించుకుని రండి."

"రాను."

"నియమం మీకు తెలుసు."

"నాకు తెలుసు. ఆ సూదితో లోపలికి వచ్చేది అడగలేని మనిషి. అలాంటి మనిషి మీకు ముందునుంచీ ఉంది. మీకు అడిగే మనిషి కావాలంటే విచారణ ఇక్కడ పెట్టండి."

కిరణ్మయి నా పక్కకు వచ్చి నిలబడింది. తను కూడా వచ్చే వంతుకు వెళ్లనంది. ఎవరూ ఆమెను అడగలేదు. గేటు ముందు వరస మళ్లీ మొదలైంది. క్షమించండి, ముఖం చెల్లలేదు.

సుభద్రాదేవి సింహాద్రి ముందుకు వెళ్లింది. ఇందాకటినుంచి చూస్తున్న సైగ తనే చేసింది. నువ్వు, తలుపు, తీశావు. చేతులు మొరటుగా ఆడాయి, అయినా తప్పు లేదు.

సింహాద్రి పిడికిలి మూశాడు. చెబుతున్నావు, అడగడం లేదు.

ఆమె మళ్లీ చేసింది. ఈసారి నుదురు ఎత్తడానికి ప్రయత్నించింది. ప్రయత్నమని మాకు తెలిసింది కళ్లు పెద్దవి కావడం వల్ల. నుదురు నున్నగా ఉంది. సింహాద్రి పిడికిలి అలాగే ఉంచాడు. ఆమె వయసు నాకన్నా ఎక్కువ, నుదురు బిగించిన ఏళ్లూ ఎక్కువే.

చేతిలోని కలం క్లర్కుకు ఇచ్చింది. మూడోసారి చేసింది. నువ్వు, తలుపు, తీశావు. రెండు బొటనవేళ్లూ కనుబొమ్మల కింద ఆనించి చర్మాన్ని పైకి నెట్టింది. అలాగే పట్టుకుని అతని వైపు చూసింది.

సింహాద్రి పిడికిలి విప్పాడు. చెయ్యి చాచాడు. తరవాత గడ్డం కిందనుంచి వేళ్లు ముందుకు విసిరాడు. రేవు పేటలో అది 'లేదు'.

క్లర్కు తర్జుమా కోసం నా వైపు చూశాడు. అక్కర్లేదంది ఆమె. రాసుకోమంది. బల్ల లోపలుందన్నాడు క్లర్కు.

"తెప్పించండి," అంది.

ఇద్దరు కాపలావాళ్లు వెళ్లి బల్ల మోసుకొచ్చారు. మెట్ల కింద, మా ముందు వేశారు. క్లర్కు కుర్చీ కోసం చూసి, దొరక్క, మెట్టు మీద కూర్చున్నాడు. సుభద్రాదేవి పైగది గురించి అడగమంది. సింహాద్రి చూపు నా మీదికి తిప్పాడు. నేను కనుబొమ్మలు ఎత్తాను.